హడోకెన్ వేయడం వచ్చినా ఓడిపోవడమెందుకు? ఫైటింగ్ గేముల్లో స్పెషల్ మూవ్స్ వెనకున్న లెక్క

2023 జూన్ 2న క్యాప్‌కామ్ సంస్థ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 6 గేములో ‘మోడర్న్’ అనే కంట్రోల్ పద్ధతి ఉంది. అంతకుముందు జాయ్‌స్టిక్‌ను కింద నుంచి ముందుకు పావు వలయంలా తిప్పి పంచ్ బటన్ నొక్కితేనే వచ్చే హడోకెన్ (శక్తి గోళాన్ని విసిరే మూవ్), ఈ పద్ధతిలో ఒక్క బటన్‌తో వచ్చేస్తుంది. ఇక అనుభవం ఉన్నవాళ్లకూ కొత్తవాళ్లకూ తేడా ఉండదనీ, ఏళ్ల తరబడి చేసిన సాధన వృథా అవుతుందనీ అప్పట్లో చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. బటన్ నొక్కగానే హడోకెన్ లాంటి స్పెషల్ మూవ్ వస్తున్నా, కొత్తగా ఆడేవాళ్లు అంతకుముందు ఎలా ఓడిపోయేవారో దాదాపు అలాగే ఓడిపోతున్నారు. మూవ్ వేయడం రావడం వేరు, దాన్ని వాడడం రావడం వేరు అన్న విషయం ఈ ఒక్క బటన్ వల్ల స్పష్టంగా బయటపడింది.

క్లుప్తంగా: స్పెషల్ మూవ్ విలువ అది తగ్గించే హెల్త్‌లో (దెబ్బ తిన్నకొద్దీ తరిగిపోయే ప్రాణశక్తిలో) కన్నా, ప్రత్యర్థి చేత అది చేయించే పనిలో ఎక్కువగా ఉంటుంది. ప్రతి స్పెషల్ మూవ్‌కూ ఒక ఖర్చు ఉంది. వేసిన తర్వాత ఆ పాత్ర కొంతసేపు కదలలేని స్థితిలో ఉండిపోవడమే ఆ ఖర్చు. దాన్ని వసూలు చేసుకునే అవకాశం ప్రత్యర్థికి లేని చోట, లేని క్షణంలో వేయడమే సమర్థంగా వాడడం. దీనికి స్ట్రీట్ ఫైటర్‌లోని ర్యూ అనే పాత్ర కన్నా మంచి ఉదాహరణ దొరకదు కనుక ఈ వ్యాసం ఎక్కువగా అతని చుట్టూనే తిరుగుతుంది.

రహస్యంగా మొదలైన విద్య

1987లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్‌లో స్పెషల్ మూవ్స్ ఒక రహస్యం. జాయ్‌స్టిక్ తిప్పుడుకు యంత్రం పెట్టిన నిబంధన ఎంత కఠినమంటే, పద్ధతి తెలిసినవాళ్లకు కూడా పదిసార్లు ప్రయత్నిస్తే ఒకటి రెండుసార్లు వచ్చినా గొప్పే. అంత అరుదు కాబట్టే వాటికి విపరీతమైన బలం ఇచ్చారు. రెండు మూడు సరిగ్గా తగిలితే రౌండు ముగిసిపోయేది. ఆ ఆటలో స్పెషల్ మూవ్ అంటే దాదాపు లాటరీ టికెట్టు.

1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 ఈ లెక్కను తలకిందులు చేసింది. ఎంచుకోవడానికి ఎనిమిది మంది పాత్రలు, ఒక్కొక్కరికీ సొంత స్పెషల్ మూవ్స్, వాటిని వేయడానికి మునుపటి కన్నా ఎంతో సడలించిన నిబంధన. మూవ్ వేయడం సులభమయ్యేసరికి దాని బలం తగ్గించక తప్పలేదు. బలం తగ్గేసరికి ‘వేయగలనా’ అన్న ప్రశ్న పక్కకు పోయి ‘ఎప్పుడు వేయాలి’ అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఫైటింగ్ గేము ఒక ఎత్తుగడల ఆటగా మారింది ఇక్కడే. ఒక్క బటన్ మోడర్న్ పద్ధతి కూడా ఆ దారిలో ఇంకో అడుగే తప్ప, దారి మళ్లింపు కాదు.

సెకనులో 60 ముక్కలు

ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. అంటే ఒక్క ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి మూవ్‌నూ మూడు భాగాలుగా చూడాలి. బటన్ నొక్కినప్పటి నుంచి దెబ్బ బయటికి వచ్చేదాకా పట్టే ఫ్రేములు మొదటి భాగం, దెబ్బ తగిలే శక్తి ఉన్న ఫ్రేములు రెండోది, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ కదలగలిగే స్థితికి వచ్చేదాకా పట్టే ఫ్రేములు మూడోది. ఆటగాళ్లు రికవరీ అనేది ఈ మూడో భాగాన్నే. స్పెషల్ మూవ్ ఖర్చు చాలావరకు ఇందులోనే ఉంటుంది.

మనిషి కంటితో చూసి, గ్రహించి, వేలు కదపడానికి సాధారణంగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో చెప్పుకుంటే 12 నుంచి 15. ఎంత వేగంగా ఆడేవాళ్లకైనా 4, 5 ఫ్రేముల్లో తగిలే పంచ్‌ను చూసి ఆపడం సాధ్యం కాదు. అలాంటివాటిని ముందుగా ఊహించాలి, లేదా కాచుకుని కూర్చోవాలి. కానీ ప్రత్యర్థి గాల్లోకి ఎగిరితే నేల మీదికి దిగడానికి 40 పైచిలుకు ఫ్రేములు పడుతుంది కాబట్టి, అది చూసి స్పందించే విషయం. ఏది చూసి చేసేది, ఏది ఊహించి చేసేది అన్న ఈ విభజన మీదే మిగతాదంతా నిలబడి ఉంది.

వేయని హడోకెన్

ర్యూ హడోకెన్ రెండు అరచేతుల మధ్య నుంచి వదిలే శక్తి గోళం. తెర మీద అడ్డంగా సాగిపోతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో మామూలు హడోకెన్ మొదలుపెట్టినప్పటి నుంచి ర్యూ మళ్లీ కదిలేదాకా సుమారు 47 ఫ్రేములు పడుతుంది, అంటే ముప్పావు సెకను పైనే. ప్రత్యర్థి దాన్ని చేతులడ్డుపెట్టి ఆపుకుంటే పోయే హెల్త్ ఏమీ ఉండదు. ఇంత ఖరీదు పెట్టి ఇంత తక్కువ ఫలితం ఇచ్చే మూవ్‌ను మూడు దశాబ్దాలకు పైగా ఎందుకు వాడుతున్నారన్నది న్యాయమైన ప్రశ్నే.

జవాబు ఒక సందర్భాన్ని దగ్గరగా చూస్తే దొరుకుతుంది. ర్యూకు, ప్రత్యర్థికి మధ్య ఒక్క దూకుతో చేరుకోగల దూరం ఉందనుకుందాం. ర్యూ హడోకెన్ మొదలుపెట్టిన ఫ్రేములోనే ప్రత్యర్థి దూకితే, అతని కాలు 40వ ఫ్రేము లోపలే ర్యూ తల మీద పడుతుంది. ర్యూ చేతులు ఇంకా చాచే ఉంటాయి. దెబ్బ, దాని వెనక పూర్తి కాంబో, అంటే ఆపుకునే వీల్లేకుండా వరుసగా తగిలే దెబ్బలు, తినక తప్పదు. ఇప్పుడు అదే ప్రత్యర్థి ముందుగా ఊహించకుండా, హడోకెన్ చూసిన తర్వాత దూకాడనుకుందాం. చూడడానికే 15 ఫ్రేములు పోతాయి. అతని కాలు ర్యూను చేరేసరికి 50 దాటుతుంది. అప్పటికి ర్యూ 47 దగ్గర స్వేచ్ఛగా ఉన్నాడు. లైట్ షోర్యుకెన్, అంటే నేల నుంచి పైకి లేస్తూ కొట్టే పిడికిలి దెబ్బ, 5 ఫ్రేముల్లో తగులుతుంది. మూడు నాలుగు ఫ్రేముల తేడాతో పరిస్థితి మొత్తం తిరగబడింది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. తెర మీద ర్యూ కదలలేకపోతున్నా, అతన్ని ఆడిస్తున్న మనిషి కళ్లు ఖాళీగా లేవు. ప్రత్యర్థి 15వ ఫ్రేము ప్రాంతంలో దూకితే, అది చూసి షోర్యుకెన్‌కు చెయ్యి సిద్ధం చేసుకోవడానికి ఆ మనిషికి దాదాపు 30 ఫ్రేములు, అంటే అర సెకను దొరుకుతుంది. హడోకెన్ వేసి బంతి ఎటు పోతోందా అని చూసేవాడు ఓడిపోతాడు. బంతిని వదిలేసి ప్రత్యర్థి కాళ్ల వైపు చూసేవాడు గెలుస్తాడు. కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ తేడా వేళ్ల కన్నా చూపులోనే ఎక్కువగా ఉంటుందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

కాబట్టి చూసి దూకేవాడికి నష్టం, ఊహించి దూకేవాడికి లాభం. ప్రత్యర్థికి మిగిలింది ఊహించడమే. ఊహకు లయ కావాలి. ఒకే తీరున, ఒకే విరామంతో హడోకెన్లు వేస్తూ పోయేవాడు ఆ లయను తన చేతులతో తానే అందించినట్టు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండు హడోకెన్లు వేసి, మూడోది వేయాల్సిన చోట ఊరికే నిలబడతారు, లేదా కింద కూర్చుని ఒక చిన్న పంచ్ గాల్లోకి విసురుతారు. మూడోది వస్తుందని నమ్మి దూకిన ప్రత్యర్థి గాల్లో ఉండగానే షోర్యుకెన్ తగులుతుంది. అక్కడ గెలిపించింది వేసిన రెండు హడోకెన్లు కావు, వేయని మూడోది.

దూరాన్ని బట్టి ఈ లెక్క మారిపోతుంది. తెరకు ఆ చివర ఉన్న ప్రత్యర్థి మీద హడోకెన్ వేస్తే ప్రమాదం లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు. అతను తీరిగ్గా ఆపుకుంటాడు లేదా నిలువుగా ఎగిరి తప్పించుకుంటాడు. మరీ దగ్గర వేస్తే, అది బయటికి రాకముందే మామూలు కిక్‌తో ఆపేస్తాడు. ప్రత్యర్థి కింది కిక్ కొద్దిలో అందకుండా పోయే మధ్య దూరమే దీనికి అసలు చోటు. లైట్ పంచ్‌తో వేస్తే బంతి నెమ్మదిగా, హెవీతో వేస్తే వేగంగా పోతుంది. నెమ్మదిగా పోయే బంతి వెనకే నడిచి వెళ్తే ప్రత్యర్థి బంతిని చూసుకోవాలా, ర్యూను చూసుకోవాలా అన్న ఇరకాటంలో పడతాడు.

షోర్యుకెన్ అప్పు

హడోకెన్‌ను ప్రత్యర్థి ఆపుకుంటే చిన్న నష్టమే. షోర్యుకెన్ తప్పితే అలా కాదు. దాన్ని ప్రత్యర్థి ఆపుకుంటే, ర్యూ పైకి లేచి కిందికి దిగేదాకా ఏమీ చేయలేడు. ప్రత్యర్థికి 20 ఫ్రేములకు పైగా అదనపు సమయం దొరుకుతుంది. దానితో తన దగ్గరున్న అతి బలమైన కాంబోను నింపాదిగా మొదలుపెట్టవచ్చు. పైగా స్ట్రీట్ ఫైటర్ 6లో రికవరీలో ఉండగా తగిలిన దెబ్బను ‘పనిష్ కౌంటర్’గా లెక్కించి 20 శాతం ఎక్కువ నష్టం వేస్తారు.

ఇంత తెలిసినా కొత్త ఆటగాళ్లు కిందపడి లేస్తూనే షోర్యుకెన్ వేయడం మానరు. కారణం సులభంగానే అర్థమవుతుంది. మీద పడి కొడుతున్నవాణ్ని ఒక్క దెబ్బతో దూరంగా నెట్టాలన్న ఆత్రం అది. ఒకసారి తగిలితే ఆ ఆనందం గుర్తుండిపోతుంది, నాలుగుసార్లు తప్పి తిన్న దెబ్బలు గుర్తుండవు. ఎదుట ఉన్నవాడు నెమ్మదైనవాడైతే మొదటిసారి తగిలిన తర్వాత, రెండోసారి ర్యూ లేస్తుండగా దగ్గరికి వచ్చి ఏమీ చేయకుండా కాచుకుని నిలబడతాడు. షోర్యుకెన్ గాల్లోకి లేస్తుంది, రౌండు అక్కడితో అయిపోతుంది.

గేము తయారీదారులు కూడా ఈ అప్పును పెంచుతూనే వచ్చారు. ఆరో భాగంలో మామూలు షోర్యుకెన్‌కు గాల్లోంచి వచ్చే దెబ్బల నుంచి మాత్రమే రక్షణ ఉంటుంది. నేల మీద దగ్గరగా కొడుతున్నవాడి దెబ్బలను కూడా దాటుకుని పోవాలంటే ‘ఓవర్‌డ్రైవ్’ రూపం వాడాలి. దానికి ఆరు గడులున్న డ్రైవ్ గేజ్‌లో (తెర మీద కనిపించే శక్తి మీటర్‌లో) రెండు గడులు ఖర్చవుతాయి. గేజ్ పూర్తిగా ఖాళీ అయితే పాత్ర ‘బర్న్‌ఔట్’ అనే అలసట స్థితిలోకి వెళుతుంది. ఆ స్థితిలో ప్రత్యర్థి స్పెషల్ మూవ్స్‌ను ఆపుకున్నా హెల్త్ కొంత కరుగుతుంది. భయంతో వేసిన షోర్యుకెన్లు ఇలా ఇంకొకడి హడోకెన్లకు బలం పెంచుతాయి.

దెబ్బకు అతికించిన మూవ్

స్పెషల్ మూవ్‌ను ఒంటరిగా వేయడం ఒక వాడకం. మామూలు దెబ్బకు అతికించి వేయడం ఇంకొకటి. ర్యూ కింద కూర్చుని కొట్టే మీడియం కిక్ తగిలిన క్షణంలో, ఆ కాలు వెనక్కి రాకముందే హడోకెన్ వేస్తే, కిక్ రికవరీ రద్దయి హడోకెన్ మొదలవుతుంది. దీన్ని క్యాన్సిల్ అంటారు. స్ట్రీట్ ఫైటర్ 2 తయారవుతున్నప్పుడు దెబ్బకు దెబ్బ ఇలా కలిసిపోవడం అనుకోకుండా పుట్టిన విషయం. కారును బద్దలుకొట్టే బోనస్ దశను పరీక్షిస్తుండగా గేము నిర్మాత నోరితాకా ఫునామిజు దాన్ని గమనించారు. కుదిరించడం చాలా కష్టం కాబట్టి హాని లేదని అలాగే ఉంచేశారు. ఇవాళ ఫైటింగ్ గేము అనగానే గుర్తొచ్చే కాంబోకు మూలం ఆ వదిలేసిన తప్పే.

క్యాన్సిల్ ఉపయోగం కేవలం ప్రత్యర్థికి ఎక్కువ నష్టం కలిగించడం కాదు. కిక్ తగిలిందో లేదో చూసి, తగిలితేనే ఖరీదైన మూవ్‌ను అతికించడం, తగలకపోతే ఆగిపోవడం అన్నదాన్ని హిట్ కన్ఫర్మ్ అంటారు. ఒక్క కిక్ చూసి నిర్ణయించడానికి సమయం చాలదు కాబట్టి, రెండు లైట్ పంచ్‌లు వరుసగా వేసి మొదటిది తగిలిందో లేదో గమనిస్తూ మూడో అడుగు నిర్ణయిస్తారు. ప్రత్యర్థి కాచుకుంటే పంచ్‌లతో ఆపేస్తారు. తగిలితేనే షోర్యుకెన్. ఇంతకుముందు అప్పుగా కనిపించిన మూవ్ ఇక్కడ ఏ ప్రమాదమూ లేని పెట్టుబడి అవుతుంది. మూవ్ అదే, ముందున్న రెండు చిన్న పంచ్‌లే తేడా.

ర్యూలా ఆడని పాత్రలు

అన్ని పాత్రల లెక్క ఒకటి కాదు. గైల్ వేసే సోనిక్ బూమ్‌కు జాయ్‌స్టిక్‌ను కొంతసేపు వెనక్కి పట్టి ఉంచి, తర్వాత ముందుకు తోసి పంచ్ నొక్కాలి. దాని రికవరీ హడోకెన్ కన్నా తక్కువ కాబట్టి మూవ్‌గా అది మెరుగైనదే. కానీ గైల్ ముందుకు నడుస్తున్నాడంటే ఆ క్షణంలో అతని దగ్గర సోనిక్ బూమ్ లేదని ప్రత్యర్థికి తెలిసిపోతుంది. కింద, వెనక్కి కూర్చుని ఉన్నాడంటే రెండు స్పెషల్ మూవ్స్ సిద్ధంగా ఉన్నాయని అర్థం.

జాంగీఫ్ సంగతి మరోలా ఉంటుంది. అతని స్క్రూ పైల్‌డ్రైవర్‌కు జాయ్‌స్టిక్‌ను గుండ్రంగా తిప్పాలి. అది పట్టు కాబట్టి కాచుకుంటే ఆగదు, చాలా దగ్గరికి వస్తేనే దొరుకుతుంది. జాంగీఫ్ దగ్గరికి వచ్చాడంటే ప్రత్యర్థికి ఎగరాలనిపిస్తుంది. అలా ఎగిరేవాణ్ని కొట్టడానికే జాంగీఫ్‌కు చేతులు చాచి గిరగిరా తిరిగే లారియట్ ఉంది. ఒక మూవ్ భయపెడుతుంది, ఇంకోటి ఆ భయాన్ని సొమ్ము చేసుకుంటుంది. ర్యూకు హడోకెన్, షోర్యుకెన్ మధ్య ఉన్న సంబంధమే, దూరం మారి మళ్లీ కనిపిస్తుంది.

శక్తిని దాచుకోవడం, ఖర్చు పెట్టించడం

1994 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోతో సూపర్ కాంబోలు వచ్చాయి. గేజ్ నిండితే తప్ప వేయలేని అతి బలమైన మూవ్స్ ఇవి. వీటితో కర్ణుడి సమస్య ఆటలోకి వచ్చింది. అర్జునుడి కోసం దాచుకున్న ఒకే ఒక్క శక్తిని ఘటోత్కచుడి మీద వేయించడమే పాండవ పక్షానికి యుద్ధంలో పెద్ద లాభం అయినట్టు, ఎదుటివాడి నిండిన గేజ్‌ను అనవసరమైన చోట ఖాళీ చేయించడం కూడా ఆటలో ఒక విజయమే. వేయని సూపర్ కూడా పని చేస్తూనే ఉంటుంది. గేజ్ నిండి ఉన్నవాడి ముందు దూరం నుంచి బంతులు వేయడానికి ఎవరైనా జంకుతారు.

ఈ విషయంలో 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ గేముల టోర్నమెంట్‌లోని ఒక సన్నివేశం ఎంతగానో ప్రసిద్ధమైంది. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్‌లో జపాన్‌కు చెందిన డైగో ఉమెహారా కెన్ పాత్రతో, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ చున్-లీ పాత్రతో ఆడుతున్నారు. డైగో హెల్త్ నలుసంత మిగిలింది. ఆ గేములో స్పెషల్ మూవ్‌ను కాచుకున్నా కొద్దిగా హెల్త్ తగ్గుతుంది కాబట్టి, కాచుకున్నా చావే. వాంగ్ 15 దెబ్బల సూపర్ వేశారు. లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే. అయితే ఆ గేములో దెబ్బ తగిలే క్షణానికి జాయ్‌స్టిక్‌ను ముందుకు తడితే ఏ నష్టమూ లేకుండా తప్పించే ‘ప్యారీ’ ఉంది. డైగో పదిహేనింటినీ ప్యారీ చేసి, తన కాంబోతో ఆ రౌండు గెలుచుకున్నారు.

చాలామంది దీన్ని వేళ్ల వేగానికి ఉదాహరణగా చెబుతారు. అది సగమే నిజం. ఆ సూపర్ మొదటి దెబ్బ ఎంత త్వరగా వస్తుందంటే, చూసిన తర్వాత ప్యారీ చేయడం కుదరదు, ముందే తట్టి ఉండాలి. అంటే సూపర్ రాబోతోందని డైగోకు అంతకుముందే తెలుసు. తక్కువ హెల్త్, నిండిన గేజ్, కొద్ది దూరం, ఈ మూడూ కలిసి వాంగ్ నిర్ణయాన్ని ముందే చాటేశాయి. ఎవరైనా అక్కడ వేసేదే కాబట్టి, అక్కడ వస్తుందని ఎవరైనా ఊహించగలరు. (ఆ టోర్నమెంట్‌లో డైగో ఫైనల్‌లో ఓడిపోయారన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోలేదు.)

ఒక్క బటన్ మార్చింది ఎంత?

మళ్లీ మోడర్న్ పద్ధతి దగ్గరికి వస్తే, అది ఇచ్చే లాభం నిజమైనదే. షోర్యుకెన్‌కు జాయ్‌స్టిక్‌ను ముందుకు, కిందికి, ఏటవాలుగా తిప్పడానికి పట్టే ఫ్రేములు మిగులుతాయి. దూకిన ప్రత్యర్థిని గాల్లో కొట్టడంలో పొరపాటు తగ్గుతుంది. దానికి బదులుగా ఒక్క బటన్‌తో వేసిన స్పెషల్ మూవ్ ప్రత్యర్థికి కలిగించే నష్టం 20 శాతం తగ్గుతుంది, వాడుకోగల మామూలు పంచ్‌లు, కిక్‌ల సంఖ్య కూడా తగ్గుతుంది. మోడర్న్‌లో ఉండి కూడా జాయ్‌స్టిక్ తిప్పి వేస్తే ప్రత్యర్థికి పూర్తి నష్టం కలుగుతుంది. ఆరు బటన్ల క్లాసిక్ పద్ధతితో పోలిస్తే, ఈ మార్పిడి మరీ అన్యాయమైనదేమీ కాదు.

పైన చెప్పిన లెక్కలో ఇది మార్చేది ఒక్క భాగాన్నే, అంటే చూసి చేసే పనులను. ఊహించి చేసే పనులకు ఒక్క బటన్ ఏమీ చేయలేదు. మూడో హడోకెన్ వేయాలా, మానాలా అన్నది బటన్ చెప్పదు. లేస్తూనే షోర్యుకెన్ వేసే అలవాటును అది ఇంకా పెంచే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే తప్పు చేయడం కూడా సులభమైపోయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతక పోటీగా జరిగినప్పుడు స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు 44. స్పందించే వేగం కుర్రాళ్లకే ఎక్కువ ఉండే ఆటలో ఈ ఫలితం వింతగా కనిపించవచ్చు. కానీ ఆటలో సగం పైగా ఊహ మీద నడుస్తుందని తెలిసినవాళ్లకు అందులో వింతేమీ లేదు.

ఈ ఊహను సాధన చేయడానికి ఆరో భాగంలోని ట్రైనింగ్ గది బాగా పనికొస్తుంది. అక్కడి బొమ్మకు మూడు పనులు రికార్డు చేసి ఇవ్వవచ్చు. ఒకటి ముందుకు దూకడం, రెండోది నిలబడి కాచుకోవడం, మూడోది ముందుకు నడవడం. వాటిని యాదృచ్ఛికంగా ఆడించమని పెట్టి, మధ్య దూరంలో నిలబడి హడోకెన్ వేస్తూ, దూకినప్పుడు మాత్రమే షోర్యుకెన్ వేయాలి. తెర మీద కనిపించే ఫ్రేమ్ మీటర్ ఎన్ని ఫ్రేములు ఆలస్యమైందో రంగు గడుల్లో చూపిస్తుంది. మొదటి రోజు బొమ్మ నడిచి వస్తున్నా షోర్యుకెన్ గాల్లోకి లేస్తుంది. కొన్నాళ్లకు చూపు బంతి మీద నుంచి బొమ్మ కాళ్ల మీదికి మారుతుంది, నడిచి వచ్చినప్పుడు వేలు బటన్ మీదే ఆగిపోతుంది.